రేగడి పెరటిలో చెట్లు బ్రతుకవలెనన్న

నల్లరేగడి గ్రామములలో ఈ సంగతి చూడనివారుండరు. వేసవిలో లోతైన గుంట తీసి, ఎఱ్ఱమట్టి, పశువుల ఎరువు నింపి, బొప్పాయియో నిమ్మయో నాటుదురు. మొక్క ఏపుగా ఎదుగును. నాలుగు పెద్దవానలు పడగానే ఆకులు పసుపువన్నెకు తిరిగి, వ్రేళ్లు కుళ్లి చచ్చిపోవును. తెగులని మందు చల్లుదురు. కాని చాలచోట్ల అసలు లోపము ఆ గుంటలోనే ఉన్నది.

రేగడిలోని బంకమట్టి రేణువులు మిల్లీమీటరులో 500వ వంతుకన్న చిన్నవి. తడిసినపుడు నేల ఉబ్బి సందులు మూసికొనును. ఎండినపుడు కుదించుకొని నెఱ్ఱెలు విచ్చును. గుంటలోని గుల్లమట్టిలోనికి వాననీరు సులభముగా దిగును గాని, చుట్టునున్న బంకమట్టి దానిని బయటికి పోనీయదు. గుంట నీటికుండయగును. వ్రేళ్లకు గాలి అందదు.

పరీక్ష

అడుగు లోతు గుంట తీసి నీరు నింపి, పూర్తిగా ఇంకనీయవలెను. మరల నింపి పుల్లతో కొలువవలెను. గంటకు అంగుళమైనను దిగనిచో, ఆ చోట గుంటలో చెట్టు నాటరాదు.

మొదట వాటము, పిదప మొక్క

ఇంటిగోడనుండి మొదటి 10 అడుగులలో 6 అంగుళముల వాటము ఉండునట్లు నేల సరిచేయవలెను. పునాదివద్ద నీరు నిలిచి ఎండుచుండిన, నేల ఉబ్బుచు కుంగుచు గోడలు బీటలువారును. చింత, నేరేడు వంటి పెద్దచెట్లు వేసవిలో నేలలోని తేమ లాగివేసి ఈ కీడును పెంచును గనుక, వాటిని ఇంటికి దూరముగా నాటవలెను.

కాలువ త్రవ్విన మట్టిలో బాగుగా చివికిన ఎరువు కలిపి, అడుగు నుండి అడుగున్నర ఎత్తు, 4 అడుగుల వెడల్పుగల దిబ్బలు పోయవలెను. బొప్పాయి, మునగ, నిమ్మ వీటిపైననే నాటవలెను. జామ రేగడికి కొంత ఓర్చును. స్నానపు నీరు పారుచోట చేమ వేసికొనవచ్చును.

ఇసుక వలదు

ఇసుక కలిపిన నేల గుల్లబారునని కొందరు తలంతురు. ఒక సెంటు స్థలము 435 చదరపు అడుగులు. అడుగు లోతు మట్టి గుణము మారవలెనన్న సగము ఇసుకయే కావలెను. అనగా 200 ఘనపుటడుగులకు పైమాట. నాలుగు తట్టలు కలిపిన నేల ఇటుకవలె గట్టిపడును. ఆ డబ్బు ఎరువునకు పెట్టుట మేలు. ఏటేట 2 అంగుళముల మందమున చివికిన ఎరువు పరచి, వేసవిలో ఎండుటాకులు గాని గడ్డి గాని కప్పిన నెఱ్ఱెలు తగ్గును. కప్పు మాత్రము మొదలుకు తగులరాదు. జిప్సం, మట్టి పరీక్షలో సోడియం ఎక్కువని తేలిన చౌడుకే పనికివచ్చును.

పదును తప్పరాదు

పిడికెడు మట్టిని నొక్కి ముద్దచేసి వ్రేలితో తట్టిన విరిగిపోవలెను. చేతికి జిగురుగా అంటినచో పార పట్టరాదు. తడిలో త్రొక్కిన రేగడి తిరిగి గుల్లబారుటకు చాల కాలము పట్టును.

ఒక పెరటి నీరు వీధికాలువలో కలియనిచో ప్రక్క పెరటిలో నిలుచును. గ్రామాధికారులు తొలకరికి ముందే వీధికాలువల పూడిక తీయించినచో, మీరు పోసిన దిబ్బలు ఫలితమిచ్చును.