రాయి పడేది ఎవరి మీద?

అనకాపల్లి పక్కనే శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ ఉంది. రాతిని తొలిచి చేసిన బౌద్ధ గుహలు, స్తూపాలు ఉన్న చోటు. ఏటా కనుమనాడు చుట్టుపక్కల ఊళ్ల జనం పిల్లాపాపలతో అక్కడికి వెళ్తారు. కొన్నేళ్ల కిందటి వరకూ అలా వెళ్లినవాళ్లు బొజ్జ ఆకారంలో ఉన్న ఒక రాతిని రాక్షసుడని నమ్మి రాళ్లతో కొట్టేవాళ్లు. కొట్టి, పండగ భోజనానికి ఇంటికి వచ్చేసేవాళ్లు. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థ పూనుకుని నచ్చజెప్పాక ఆ ఆచారానికి అడ్డుకట్ట పడింది.

ఆ రాళ్లు వేసినవాళ్లను చూసి నవ్వుకోకండి. చెడు అనేది ఎక్కడో బయట, ఒక రూపంలో కూర్చుని ఉంటుందని అనుకోవడంలో గొప్ప సుఖం ఉంది. కొండమీద ఏడాదికి ఒక్కరోజు చేసిన ఆ పనిని మనం ఇంట్లో రోజూ చేస్తుంటాం. మన ఇంట్లో రాక్షసుడు తోడికోడలు కావచ్చు, పక్క సీటు ఉద్యోగి కావచ్చు, సొంత తమ్ముడే కావచ్చు.

మీది రాంబిల్లి వైపు ఊరే అనుకోండి. ఒకవైపు నౌకాదళ స్థావరం, మరోవైపు అచ్యుతాపురం సెజ్. సెంటు భూమి గురించి కూడా మాటలు నడుస్తున్న కాలం. నాన్నగారు పోయాక పొలం పంపకం దగ్గర తమ్ముడు పేచీ పెట్టాడు. అప్పటి నుంచి మీ నోట ఒకటే మాట, ‘వాడికి డబ్బు పిచ్చి’. ఫోన్లో చుట్టాలకు అదే చెప్తారు, భోజనం దగ్గర భార్యకు అదే చెప్తారు. పంచదార్ల ధర్మలింగేశ్వరుడి గుడికి వెళ్లి, ధార కింద స్నానం చేసి, దండం పెట్టుకుంటూ కూడా ‘వాడికి బుద్ధి ఇవ్వు స్వామీ’ అంటారు. రాత్రి నిద్రపట్టక రోడ్డు వైపు ముక్క ఎంత పలుకుతుందో మనసులో లెక్క వేస్తున్నది మాత్రం మీరే. ఆ లెక్క సంగతి దేవుడికి కూడా చెప్పలేదు.

ఈ చెప్పుకోని లెక్కకే స్విట్జర్లాండ్‌కు చెందిన మనోవైద్యుడు కార్ల్ గుస్తావ్ యూంగ్ ‘నీడ’ అని పేరుపెట్టాడు. మనం ‘నేను ఇలాంటివాణ్ని’ అని ఒప్పుకోవడానికి ఇష్టపడనిదంతా నీడలోకి పోతుంది. దురాశ, అసూయ, కసి, కొందరిలో భయం, మరికొందరిలో ఏడవాలన్న కోరిక కూడా. చిన్నప్పుడు ‘మగపిల్లాడివి ఏడుస్తావేంటి’, ‘ఆడపిల్లకు అంత కోపమా’ అని అనిపించుకున్నవన్నీ అక్కడే పోగుపడి ఉంటాయి. మన పెద్దలు అరిషడ్వర్గాలని ఆరింటినీ వరసపెట్టి చెప్పారు. వాటిని జయించాలని మనకు బాగా నేర్పారు కానీ, జయించేముందు అవి తనలో ఉన్నాయని ఒప్పుకోవాలన్న మాట చాలా ఇళ్లలో ఎవరూ అనరు.

బంగారం చేయబోయినవాడు

యూంగ్‌కు ఈ సంగతి రసవాదంలోనూ కనిపించింది. 1937 చివర్లో భారతదేశానికి వచ్చినప్పుడు ఆయన వెంట తెచ్చుకున్నది 1602 నాటి రసవాద గ్రంథం. కలకత్తాలో జిగట విరేచనాలతో పదిరోజులు ఆసుపత్రిలో పడుకున్నాడు. తర్వాత 1944లో ‘మనస్తత్వశాస్త్రం - రసవాదం’ అనే పెద్ద పుస్తకమే వేశాడు. సీసాన్ని బంగారం చేస్తామన్నవాళ్లు తెలియకుండానే తమ మనసుల గురించి రాసుకున్నారన్నది ఆయన వాదన. ఐరోపా రసవాదులు చెప్పిన దశల్లో మొదటిది నలుపు. మూసలో వేసిందంతా కుళ్లి, నల్లబడి, వాసన కొట్టే దశ. తెలుపు, ఎరుపు ఆ తర్వాతే. ఆ నలుపే మనిషి తన నీడను చూసుకునే సమయమని యూంగ్ అన్నాడు.

ఇది మనకు కొత్తేమీ కాదు. శ్రీశైలం ఒకప్పుడు రసవాదులకు పెద్ద క్షేత్రం. సిద్ధ నాగార్జునుడి పేరు ఆ కొండతోనే ముడిపడి ఉంది. మన రసశాస్త్రంలో పాదరసానికి పద్దెనిమిది సంస్కారాలు చెప్పారు. మొదటివన్నీ చెమర్చడం, నూరడం, దోషాలు పోగొట్టడం వంటివే. విషాన్ని విషమని ఒప్పుకున్నాకే దాని మీద పని మొదలవుతుంది. (ఇది మనసు గురించి చెప్పిన పోలిక మాత్రమే. ఎవరో ఇచ్చిన పాదరస భస్మాలు మింగి కిడ్నీలు, నరాలు పాడుచేసుకోకండి.)

అయినా ఈ విషయంలో మనకు అందరికంటే దగ్గరివాడు వేమన. జనం చెప్పుకునే కథ ప్రకారం అభిరాముడనే స్వర్ణకారుడు ఒక శివయోగికి ఏళ్లతరబడి సేవ చేశాడు. ఆయన మంత్రోపదేశం చేస్తానన్న రోజున వేమన అభిరాముణ్ని బయటికి రాకుండా ఆపేసి, అతని బదులు తాను వెళ్లి ఉపదేశం పొందాడు. అంటే వేమన జ్ఞానం మొదలైంది ఒక మోసంతో. ఇంటికి వచ్చి అభిరాముడి కాళ్ల మీద పడ్డాడు. తన పద్యాల మకుటంలో అతని పేరు చేర్చాడు. ఆ మకుటానికి పండితులు వేరే అర్థాలు కూడా చెప్తారు, కథ చరిత్ర కాకపోవచ్చు. అయినా నాకు ఈ కథే ఇష్టం. తప్పు చేసినవాడు దాన్ని దాచుకోకుండా, చెప్పిన ప్రతి పద్యం చివరా తన అప్పును తానే గుర్తుచేసుకున్నాడని మన జనం ఊహించుకున్నారు. అతను బంగారం చేశాడా లేదా అన్నది అడిగేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

మరి మనం చేయగలిగింది?

ముందు ఒక కొలత. ఎదుటివాడి తప్పు పావలా అయితే మీ కోపం రూపాయి అవుతోందా? ఆ మిగతా ముప్పావలా ఎక్కడిదో వెతకండి. అది సాధారణంగా మీదే.

వెతికేటప్పుడు దానికి పేరు పెట్టండి. ‘ఏదోలా ఉంది’ అనకుండా ‘నాకు అసూయగా ఉంది’, ‘మోసపోతానని భయంగా ఉంది’ అనండి. అమెరికాలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధనలో, ముఖంలో కనిపించే భావానికి పేరు ఎంచుకున్నప్పుడు మెదడులో భయానికీ కోపానికీ స్పందించే అమిగ్డలా అనే భాగం జోరు తగ్గడం కనిపించింది. అణచిపెట్టడం మాత్రం పనిచేయదు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని చెప్పి 1987లో డేనియల్ వెగ్నర్ చేసిన ప్రయోగంలో జనానికి అదే పదేపదే గుర్తొచ్చింది.

మాటల్లో చెప్పుకోలేకపోతే రాయండి. మనసును కోసిన విషయం గురించి రోజుకు పదిహేను నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాయించి జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ఒక అధ్యయనం ప్రచురించాడు. రాసిన వెంటనే విద్యార్థులకు మనసు ఇంకాస్త బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. కాబట్టి మొదటిరోజు బాధ పెరిగితే భయపడకండి. అక్షరదోషాలు చూసుకోవద్దు, ఎవరికీ చూపించొద్దు, కావాలంటే చింపేయండి. పొలం లెక్క కూడా అందులో రాయండి.

ఆ తర్వాత తమ్ముడికి ఫోన్ చేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. చేస్తే మాత్రం ‘నువ్వు మారావురా’ అని మొదలుపెట్టకండి. ‘నాకూ ఆ ముక్క మీద ఆశ ఉందిరా’ అనడానికి ధైర్యం కావాలి. అన్నాక మాట ఎటు పోతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. అతను ఇంకా గట్టిగా పేచీ పెట్టొచ్చు కూడా.

రెండు జాగ్రత్తలు

మీకు కోపం తెప్పించిందల్లా మీ నీడే అనుకోకండి. నిజంగా మోసం చేసేవాళ్లు, చేయి చేసుకునేవాళ్లు ఉంటారు. భర్త చేతిలో దెబ్బలు తినే మహిళకు ‘లోపలికి చూసుకో తల్లీ’ అని చెప్పడం ఆధ్యాత్మికత అనిపించుకోదు, అది అన్యాయం. ఆమెకు కావాల్సింది 181 మహిళా హెల్ప్‌లైన్, పుట్టింటి తోడు. ఇలా సాధన పేరుతో అసలు సమస్యను దాటవేయడాన్ని అమెరికా సైకోథెరపిస్టు జాన్ వెల్‌వుడ్ 1980లలోనే గుర్తించి పేరుపెట్టాడు. ‘నాకు కోపమే రాదు’ అని నవ్వుతూ చెప్పి, ఇంట్లో నాలుగు రోజులు మాట్లాడకుండా ఉండే పెద్దమనుషులు మనకు తెలియనివాళ్లు కారు.

రెండోది, ధ్యానం మొదలుపెట్టిన కొత్తలో పాత దుఃఖం, పాత కసి పైకి రావడం మామూలే. పది రోజుల మౌన శిబిరాల్లో చాలామందికి ఇది అనుభవం. కానీ వరసగా రాత్రుళ్లు నిద్ర పట్టకపోయినా, ఎవరూ లేకుండా మాటలు వినిపించినా, చనిపోవాలనిపించినా అది సాధనలో ఒక మెట్టు అని ఎవరు చెప్పినా వినకండి. ధ్యానం ఆపి సైకియాట్రిస్టును కలవండి. మనసుకు సంబంధించిన మందులు వాడుతున్నవాళ్లు దీక్ష కోసం వాటిని సొంతంగా మానేయకూడదు. రాంబిల్లి, అనకాపల్లి వైపు వాళ్లకు విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల అందుబాటులో ఉంది. అంతదూరం వెళ్లేలోగా మాట్లాడాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.