మత్తులో ఉన్నా శరీరం మేలుకొనే ఉంటుంది

"మత్తు ఇచ్చిన తరువాత ఇక శరీరానికి ఏం తెలుస్తుందండీ?" పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ నిర్ణయమైన ఒక గృహిణి నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆమెకు తెలియదు గాని, ఆమె శరీరానికి తెలుస్తుంది.

శస్త్రం తగలగానే నరాల ద్వారా ఆ వార్త మెదడుకు చేరుతుంది. మూత్రపిండాలపై టోపీల వలె అమరి ఉన్న అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం, రక్తపోటు, రక్తంలో చక్కెర పెరుగుతాయి. మధుమేహం లేనివారికి సైతం ఆపరేషన్ నాడు చక్కెర పెరిగి కనిపించడానికి ఇది ముఖ్య కారణం. శరీరం తన్ను తాను కాపాడుకొనే యత్నమే ఇది. మితిమీరితే మాత్రం హృద్రోగులకు, మధుమేహ రోగులకు ముప్పు.

సుశ్రుతుడు శస్త్రకర్మకు ముందు రోగికి భోజనం పెట్టి, తీక్ష్ణమైన మద్యం ఇమ్మన్నాడు. (నేడు పరగడుపున రమ్మంటారు, పాఠకులు పొరబడరాదు!) నేటి మత్తుమందులన్నీ ఈ హార్మోనులను ఒకే తీరున అణచవు. పీల్చే మత్తు స్పృహను పోగొడుతుంది గాని ఆ వార్తను పూర్తిగా ఆపలేదు. నల్లమందు జాతికి చెందిన ఫెంటనిల్‌ను పెద్ద మోతాదులో ఇస్తే ఆపరేషన్ సాగినంతసేపు వాటి ఉద్ధృతి తగ్గుతుంది. వెన్నులో ఇచ్చే మత్తు నాకు అన్నిటికంటె ఆసక్తికరం. అది వార్త వెళ్ళే దారినే మూసివేస్తుంది. నడుము కింది భాగపు శస్త్రచికిత్సలలో రోగి మెలకువగా మాట్లాడుతున్నా కార్టిసాల్ అంతగా పెరగదు. మత్తు దిగాక మళ్ళీ పెరుగుతుంది.

అలాగని కార్టిసాల్‌ను అణచివేయడమే మేలని అనుకోరాదు. ఎటోమిడేట్ అనే మందు దాని తయారీనే అడ్డుకుంటుంది. ఇంటెన్సివ్ కేర్ రోగులను నిద్రపుచ్చడానికి దానిని రోజుల తరబడి ఎక్కించినప్పుడు మరణాలు పెరిగినట్లు 1983లో గ్లాస్గో వైద్యులు గుర్తించారు. తరువాత ఆ వాడుకను విడిచిపెట్టారు.

ఆ గృహిణి ఉబ్బసానికి చాలా ఏళ్ళుగా ప్రెడ్నిసొలోన్ మాత్రలు మింగుతున్నది. నిద్రకు అశ్వగంధ చూర్ణం పాలతో తీసుకుంటున్నది. సర్జన్‌కు రెండూ చెప్పలేదు. "అవి ఆయాసానికి కదండీ, ఇది ఇంటి మందే కదా" అన్నది. దీర్ఘకాలం స్టిరాయిడ్లు వాడినవారి అధివృక్క గ్రంథులు మందగించి, అవసరానికి కార్టిసాల్‌ను అందించలేకపోవచ్చు. ఆపరేషన్ బల్లమీద రక్తపోటు పడిపోవచ్చు. మత్తు డాక్టరుకు ముందే తెలిస్తే ఇంజెక్షన్‌తో ఆ లోటు తీరుస్తారు. భయపడి ఆ మాత్రలు సొంతంగా మానడం మరింత అపాయం. అశ్వగంధ సంగతి వేరు. అది మత్తుమందుల ప్రభావాన్ని పెంచవచ్చును గనుక రెండు వారాల ముందే ఆపమన్నాను.

ఆమె మాత్రల చీటీని, చూర్ణం డబ్బాను తీసుకువెళ్ళి మత్తు డాక్టరు ముందు పెట్టింది. ఆయన ఆపరేషన్ తేదీని పది రోజులు వెనక్కు జరిపారు.