సుబేదారి నుంచి షికాగో

క్రిందటి డిసెంబరులో ఒక సాయంత్రం మా నాన్నగారికి గుండెపోటు వచ్చింది. షికాగోలో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేసి వచ్చి కూర్చున్నాను. అమ్మ అడిగింది: "ఇప్పుడు బయలెల్లితే రేపు పొద్దుగాలకు వస్తడా, బిడ్డా?"

ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఛందస్సు చెబుతున్నాను. గురులఘువులు లెక్క పెట్టగలను గాని, ఈ లెక్క నాకు వెంటనే అందలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక వేసిన లెక్క ఇది.

పటంలో అమెరికా మనకు పడమట కనిపిస్తుంది. కాని ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే, హైదరాబాదు నుంచి షికాగోకు ఒక దారం బిగించి చూడండి. అది ఇంచుమించు నేరుగా ఉత్తరానికి ఎక్కి, ధ్రువానికి చేరువగా వెళ్లి, అవతలి వైపు దిగుతుంది. అదే దగ్గరి దారి. దూరం సుమారు 13,300 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున పదిహేను గంటల ప్రయాణం. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు ఊళ్ల మధ్య ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టింది. తరువాత అది నిలిచిపోయింది.

ఇప్పుడు దారిలో మరో విమానం మారవలసిందే. దుబాయి మీదుగా వస్తే సుమారు 14,200 కిలోమీటర్లు. పెరిగిన దూరం 900 కిలోమీటర్లే, అంటే ఒక్క గంట. మరి తక్కిన ఆలస్యమంతా ఎక్కడిది?

కొంత గడియారం చేసే మాయ. చలికాలంలో షికాగో మనకంటే పదకొండున్నర గంటలు వెనుక. పదహారు గంటల ప్రయాణమే అనుకుందాం. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కినవారు అక్కడ అదే సాయంత్రం నాలుగున్నరకు దిగుతారు. అక్కడ పన్నెండింటికి ఎక్కినవారు ఇక్కడ దిగేది మరునాడు మధ్యాహ్నం మూడున్నరకు!

అసలు ఆలస్యం మాత్రం నేల మీదిది. తమ్ముడు ఇల్లు వదిలి సుబేదారిలో మా గడప తొక్కేసరికి ముప్పైనాలుగు గంటలు పట్టింది. ఆకాశంలో గడిచినవి పదిహేడే. అక్కడ విమానం ఎక్కేలోగా నాలుగు, దుబాయిలో కాచుకోవడానికి ఎనిమిది, శంషాబాదు తనిఖీలకు ఒకటి, అక్కడినుంచి కారులో నాలుగు: ఇవి మరో పదిహేడు.

మా ఊరి పక్కనే మామునూరులో నిజాం కాలంలో, 1930లో కట్టిన విమానాశ్రయం ఉంది. 1981లో మూతపడింది. 2025లో కేంద్రం దాని పునరుద్ధరణకు అనుమతి ఇచ్చింది. అది తెరిచినా షికాగో దగ్గరకు జరగదు. నేల మీది గంటలు కొన్ని తగ్గితే అదే చాలు.

నాన్నగారు ఆగారు. తమ్ముణ్ణి చూసి, "తిన్నవారా?" అన్నారు. అందరికీ ఆ భాగ్యం ఉండదు. ఫ్రీజరు పెట్టె అద్దెకు తెచ్చి, కొడుకు కోసం వాకిట్లో కాచుకున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి.

పిల్లలు దూరదేశాల్లో ఉన్నవారు ఈ లెక్క ముందే వేసి ఉంచుకోవడం మంచిది. కిలోమీటర్లలో కాదు, గంటల్లో. అమ్మకు ఆనాడే చెప్పవలసిన జవాబు: "రేపు కాదమ్మా, ఎల్లుండి."