ట్రెయిలరును ఒంటరిగా తగిలించుట

అమెరికా, కెనడా దేశములలో పడవనో, గుఱ్ఱములనో, ఇంటి సామానునో దూరము తీసుకొనిపోవువారు పికప్ ట్రక్కు వెనుక ట్రెయిలరును తగిలించుకొని పోవుదురు. ట్రక్కు వెనుక ఒక ఉక్కు గుండు ఉండును. ట్రెయిలరు నొగ కొనయందు బోర్లించిన గిన్నె వంటి కప్లరు ఉండును. అది ఆ గుండుపై కూర్చుండవలెను. గుండు వ్యాసము తరచుగా రెండంగుళములు మాత్రమే. రెండు టన్నులకు పైబడిన ట్రక్కును వెనుకకు నడిపి, ఆ గుండును సరిగా కప్లరు క్రిందికి తెచ్చుట ఎట్లు? ప్రక్కన నిలిచి చేయి చూపువాడు లేనిచో ఇది తేలికయైన పని కాదు.

ముందు ట్రక్కు ఎన్నిక సంగతి. కొనువారు సాధారణముగా అది ఎంత బరువును లాగగలదని అడుగుదురు. కాని ట్రక్కు లాగుటయే గాక మోయవలసియు ఉన్నది. ట్రెయిలరు మొత్తము బరువులో నూటికి 10 నుండి 15 వంతులు గుండుపై పడునట్లు సరకు సర్దవలెను. ఎద్దుబండి తోలువానికి ఇది చెప్పనక్కరలేదు. బరువు వెనుకకు పోయినచో కాడి పైకి లేచునని అతడెరుగును. ట్రెయిలరు విషయమున ముప్పు ఇంకను ఎక్కువ. గుండుపై బరువు చాలనిచో, వేగము హెచ్చినకొలది అది ఇటునటు ఊగి ట్రక్కునే త్రోవ తప్పింపగలదు.

2,000 కిలోగ్రాముల ట్రెయిలరు గుండుపై 240 కిలోగ్రాములు మోపుచున్నదనుకొందము. గుండు వెనుక ఇరుసునకు 1.2 మీటర్లు వెనుకగా ఉన్నది. రెండు ఇరుసుల నడిమి దూరము 3.6 మీటర్లు. వెనుక ఇరుసు ఆధారముగా ట్రక్కు ఒక తులాదండమగును. 240ని 1.2తో గుణించి 3.6తో భాగించినచో 80 వచ్చును. అనగా ముందు చక్రములపై 80 కిలోగ్రాముల బరువు తగ్గి, వెనుక చక్రములపై 320 పెరుగును. బండిని మలుపునవి ముందు చక్రములే గదా! ఇరుసుల నడిమి దూరము ఎక్కువగా ఉన్న ట్రక్కు మేలగుటకు కారణమిదే. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు ఎక్కింపవచ్చునో అమెరికాలో డ్రైవరు తలుపువద్ద అంటించిన చీటీపై ఉండును. ఆ 240 కిలోగ్రాములును అందులోని భాగమే.

ఇక వెనుకకు నడుపుట. సీటులోనుండి గుండు కనబడదు. పూర్వమునుండి ఉన్న ఉపాయము సులభమైనది: గుండుపై ఒక కడ్డీని, కప్లరుపై మరియొక కడ్డీని నిలువుగా నిలుపుదురు. వెనుక అద్దములోనుండి చూచినపుడు రెండును ఒకే గీతగా కనబడినచో దిశ కుదిరినది. అయితే రెంటి నడిమి దూరమును ఆ చూపు చెప్పజాలదు. కడ్డీలు తాకినపుడే అది తెలియును.

2018 మే నెలనుండి అమెరికాలో తయారగు క్రొత్త తేలిక వాహనములకు వెనుక కెమెరా తప్పనిసరి. ఇందులోను ఒక మోసము కలదు. తెరపై దూరము చూపు గీతలు నేలను అనుసరించి గీసినవి. కప్లరు నేలపై లేదు. కెమెరా 1 మీటరు ఎత్తునను, కప్లరు అర మీటరు ఎత్తునను ఉన్నచో, సరూప త్రిభుజముల చొప్పున 1 మీటరు దూరమునున్న కప్లరు 2 మీటర్ల గీతపై కనబడును! ఇంకను దూరమున్నదని నమ్మినవాడు తన ట్రక్కునకు సొట్ట తెచ్చుకొనును. విద్యార్థులు ఈ త్రిభుజములను కాగితముపై గీసి చూడవచ్చును.

కావున ఒంటరివాడు చివరకు దిగి చూడక తప్పదు. దిగుటకు ముందు ఇంజను ఆపి, చేతిబ్రేకు వేయవలెను. ట్రెయిలరు చక్రములకు అడ్డుదిమ్మెలు అంతకుముందే ఉండవలెను. రెంటి నడుమ నిలిచినవాని కాలు నలుగుటకు కొద్దిపాటి వాలు చాలును.

కప్లరు గుండుపైకి దిగి, గడియ పడిన తరువాత, నొగ క్రింది జాకీని మరల కొంచెము ఎత్తుదురు. ట్రక్కు వెనుక భాగము కూడ దానితో పైకి లేచినచో తగులు బిగిసినట్లే. కప్లరు ఒక్కటే లేచివచ్చినచో గుండు దానిలో పట్టుబడలేదు. పని మరల మొదటికి వచ్చినది.