రక్తకణం కొడవలి అయిన వేళ

హౌరా–ముంబై రైలు మార్గంలో బిలాస్‌పూర్ పెద్ద జంక్షన్. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కార్యాలయం. బొగ్గు గూడ్సు బండ్లకు పేరుపడిన ఈ ఛత్తీస్‌గఢ్ పట్టణం చుట్టుప్రక్కల పల్లెలలో ఒక వ్యాధి తరతరాలుగా కుటుంబాలను వెంటాడుతున్నది. అదే కొడవలి కణ వ్యాధి. వైద్యుల మాటలో సికిల్ సెల్.

ఎర్ర రక్తకణం ప్రాణవాయువును మోసే వ్యాగను వంటిది. పరిపక్వమైన ఈ కణంలో కేంద్రకం ఉండదు. ఉన్న చోటంతా హిమోగ్లోబిన్‌దే. ఒక్క కణంలో దాని అణువులు సుమారు 27 కోట్లు! ప్రతి అణువులోను నాలుగు ప్రోటీన్ గొలుసులు. వాటిలో బీటా గొలుసుకు 146 అమైనో ఆమ్లాలు. ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరిందా, అణువు స్వభావమే మారిపోతుంది. ప్రాణవాయువును విడిచిపెట్టగానే ఈ అణువులు ఒకదానికొకటి అంటుకొని కడ్డీలుగా పేరుకుంటాయి. గుండ్రని కణం కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాలలో చిక్కుకుంటుంది. ఎముకలలో భరింపరాని నొప్పి. 120 రోజులు బ్రతకవలసిన కణం 10–20 రోజులకే నశించగా, రోగిని రక్తహీనత క్రుంగదీస్తుంది.

1910లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఈ వంపు కణాలను వర్ణించాడు. సూక్ష్మదర్శిని ఆకారాన్ని చూపింది గాని, కారణాన్ని చెప్పలేదు. 1949లో లైనస్ పౌలింగ్, అతని సహచరులు హిమోగ్లోబిన్‌ను విద్యుత్ క్షేత్రంలో పరుగెత్తించారు. రోగుల హిమోగ్లోబిన్ వేరు వేగంతో కదిలింది! దోషం అణువులోనే ఉన్నదని రుజువైంది. 1956లో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ అణువును ముక్కలు చేసి, తేడా ఒకే ఒక్క ముక్కలో ఉన్నదని తేల్చాడు.

ఎలెక్ట్రోఫోరెసిస్ అనే ఈ పద్ధతే నేడు వ్యాధి నిర్ధారణకు ఆధారం. రోగి రక్తంలో మామూలు హిమోగ్లోబిన్ చార కనిపించదు. వాహకుని రక్తంలో రెండు చారలూ ఉంటాయి. వాహకుడు రోగి కాడు. పైగా మలేరియా విషమించకుండ అతనికి కొంత రక్షణ కూడ ఉన్నది. అడవి ప్రాంతాలలో ఈ లక్షణం నిలిచిపోవడానికి కారణం అదే. కాని భార్యాభర్తలిద్దరూ వాహకులైతే, ప్రతి కానుపులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

బిలాస్‌పూర్ సమీపాన గనియారీ గ్రామంలో జన స్వాస్థ్య సహయోగ్ వైద్యులు ఇట్టి రోగులకు ఏళ్ల తరబడి చికిత్స చేస్తున్నారు. హైడ్రాక్సీయూరియా నొప్పి దాడులను తగ్గిస్తుంది. కొత్త రక్తకణాల తయారీకి ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇస్తారు. దానిని 1945లో కృత్రిమంగా తయారుచేసింది భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ పరిశోధకులే.

2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలన్న జాతీయ కార్యక్రమం 2023 జూలై 1న, బిలాస్‌పూర్–కట్నీ రైలు మార్గంలోని షహడోల్‌లో ఆరంభమైంది. ఆదిలాబాదు, విశాఖ మన్యాలలోను ఈ వ్యాధి ఉన్నందున ఇది తెలుగువారికీ సంబంధించిన విషయమే. పెళ్లికి ముందు జాతకాలు చూచే పెద్దలు రెండు రక్తపు చుక్కలనూ పరీక్ష చేయిస్తే, పుట్టబోయే బిడ్డకు అంతకు మించిన మేలు లేదు.