డాబా మీద 80 వేల లీటర్లు

చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వరకు వాన కురుస్తుంది. 120 గజాల డాబా అంటే సుమారు 100 చదరపు మీటర్లు. దాని మీద ఏటా పడేది 80 వేల లీటర్లు. ఆవిరయ్యేది, చిందిపోయేది, మురికితో పాటు వదిలేసేది అయిదో వంతు తీసేసినా 64 వేల లీటర్లు మిగులుతాయి. అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండుకు పైనే. ఏప్రిల్‌లో ట్యాంకర్ బుక్ చేసి, అది ఎప్పుడొస్తుందా అని వీధి చివరికి చూసే వాళ్లకు ఆ పన్నెండు ట్యాంకర్ల విలువ తెలుసు.

ఆ నీళ్లు ఇప్పుడు ఎటు పోతున్నాయి? డాబా మూల పైపులోంచి వీధిలోకి, అక్కడి నుంచి నాలాలోకి, నాలాలోంచి మూసీలోకి. మూసీ నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ వాడపల్లి ఉన్నది నాగార్జున సాగర్‌కు దిగువన. మన కుళాయిలో వచ్చే కృష్ణా నీరేమో సాగర్ జలాశయానిది. అంటే మన డాబా మీంచి జారిన చుక్క మళ్లీ మన ఇంటికి చేరే దారే లేదు. నెత్తిన కురిసిన నీటిని సాగనంపి, వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి మోటార్లతో ఎత్తిపోసుకుని తాగుతున్నాం. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లే ఒకప్పుడు నగరం గొంతు తడిపేవి. ఊరు పెరిగాక అవి చాలలేదు.

మన పెద్దవాళ్లు వాన నీటిని ఇలా వదిలేయలేదు. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి ఉండేది. చినుకు పెద్దదవగానే చూరు కిందికి గంగాళాలు, బిందెలు చేరేవి. చూరు నీళ్లతో కందిపప్పు త్వరగా మెత్తబడుతుందని, తలంటుకు కుంకుడు నురగ బాగా వస్తుందని వాళ్లకు అనుభవం మీద తెలుసు. వాన నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు దాదాపు ఉండవు. బోరు నీటిలో ఉండేవి అవే. గీజర్ కాయిల్‌కు, స్టీలు కుళాయికి తెల్లగా పట్టేది ఆ ఉప్పే. ఇంట్లో బట్టలకు వాన నీళ్లు వాడితే సబ్బు ఖర్చూ తగ్గుతుంది.

గుంత కన్నా ముందు తొట్టి

వాన నీరు అనగానే మన ఆలోచన ఇంకుడు గుంత దగ్గర ఆగిపోతోంది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చినప్పటి నుంచి గుంతల గురించి వింటూనే ఉన్నాం. ఇంటి అనుమతి కోసం తవ్వి, తర్వాత పూడిక నిండిపోయినా పట్టించుకోని గుంతలు ఎన్నో. గుంత ఉండాల్సిందే, అది ఊరి భూగర్భ జలానికి మేలు. అయితే హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. ఇంకిన నీరు రాతి పగుళ్ల వెంట ఎటు పోతుందో చెప్పలేం, మన బోరుకే చేరుతుందన్న భరోసా లేదు. ఇంటి నీటి ఖర్చు తగ్గాలంటే ముందు కావలసింది నిల్వ.

80 వేల లీటర్లు దాచడానికి చోటెక్కడ అని చాలామంది అక్కడే వెనకాడతారు. దాచనక్కర్లేదు. పన్నెండు మిల్లీమీటర్ల ఓ మోస్తరు వాన చాలు, 120 గజాల డాబా కింద వెయ్యి లీటర్ల ట్యాంకు నిండడానికి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అవసరమని లెక్కకడతారు. అందులో 45 లీటర్లు మరుగుదొడ్డి ఫ్లష్‌కే. నలుగురుంటే 180 లీటర్లు. వెయ్యి లీటర్లు అయిదు రోజుల్లో అయిపోతాయి, ఆలోగా మరో వాన రావచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ ట్యాంకు ఇరవై సార్లు నిండి ఖాళీ అయితే 20 వేల లీటర్లు వాడుకున్నట్టే. అందుకే వాన నీటిని పొదుపు చేయకండి, ధారాళంగా వాడేయండి. నిండిన ట్యాంకు మీద పడిన వాన కాలువ పాలే. ఫ్లష్‌కు, బట్టలకు, గచ్చు కడగడానికి, మొక్కలకు మొదట ఈ నీళ్లు, ఇవి అయిపోయాకే కుళాయి. పొంగిన నీటికి మాత్రం ట్యాంకు నుంచి ఇంకుడు గుంతకు ఓ పైపు పెట్టండి. గుంత సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఉండాలి.

రోహిణి కార్తెలోనే డాబా ఊడ్చి కడగాలి. మృగశిరలో పడే తొలి వానను పూర్తిగా వదిలేయండి. దుమ్ము, పావురాల రెట్ట అందులోనే కొట్టుకొస్తాయి. ఆ తర్వాత కూడా ప్రతి వానలో మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్లు, అంటే 100 చదరపు మీటర్లకు నూరు, రెండు వందల లీటర్లు, పక్కకు పోయేలా పైపుకు వాల్వు ఉండాలి. ట్యాంకు నోటికి సన్నని జాలీ, పైన గట్టి మూత తప్పనిసరి. డెంగీ మోసుకొచ్చే ఈడిస్ దోమ గుడ్లు పెట్టేది నిల్వ నీటి దగ్గరే. వెలుగు చొరబడని ట్యాంకయితే నాచు పట్టదు. తాగడానికి మాత్రం వడపోత, మరిగించడం లేకుండా వద్దు. ఆస్‌బెస్టాస్ రేకుల మీంచి దిగిన నీళ్లు తాగడానికి, వంటకు అసలే పనికిరావు. వడకట్టని డాబా నీటిని నేరుగా బోరులోకి వదలడం ఇంకా ప్రమాదం, ఒక్క ఇంటి మురికి చుట్టుపక్కల బోర్లన్నిటికీ పాకుతుంది.

అపార్ట్‌మెంట్లలో మనిషి వాటాకు వచ్చే డాబా తక్కువే. అక్కడ సొంత ట్యాంకుల కన్నా పైపులన్నీ కలిపి వేరే సంపులోకి మళ్లించుకోవడం మేలు. వాచ్‌మన్ గది, మొక్కలు, కార్లు కడగడం మొత్తం దాని మీదే నడపొచ్చు. వాన తక్కువ పడే ఊళ్లకూ ఈ లెక్క పనికొస్తుంది. అనంతపురంలో వాన దాదాపు 550 మిల్లీమీటర్లే. అయినా 120 గజాల డాబాకు 55 వేల లీటర్లు పడుతుంది. నల్గొండ ఫ్లోరైడ్ పల్లెల్లో ఈ నీటి విలువ ఇంకా ఎక్కువ. ఫ్లోరైడ్ వచ్చేది భూమిలోని రాతి నుంచి కాబట్టి వాన నీటిలో ఆ బెడద లేదు. తమిళనాడు 2003లోనే ప్రతి భవనానికీ వాన నీటి ఏర్పాటు తప్పనిసరి చేసింది. ఇంట్లో నిల్వ తొట్టి విషయంలో మన రెండు రాష్ట్రాలూ అంతే పట్టుదల చూపాలి.

ప్రభుత్వం కోసం ఆగాల్సిన పనైతే కాదు. ఈ ఆదివారం సాయంత్రం డాబా ఎక్కి, నీళ్లు దిగే పైపు ఎటు పోతోందో చూడండి. ప్లంబరుకు దాన్ని ట్యాంకులోకి తిప్పడం పెద్ద పనేమీ కాదు. మృగశిర కార్తె రాకముందే పిలిపించండి.