కత్తిపీటకు తుప్పా? చింతపండు ఉందిగా!

కోలారు గనుల్లో 1880లలో జాన్ టైలర్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేవరకు బయటికి వచ్చిన బంగారానికి తుప్పంటే ఏమిటో తెలియదు. ఆ చుట్టుపక్కల మన ఇళ్ళలో అటకెక్కిన కత్తిపీటకు మాత్రం ఏటా తుప్పు తప్పదు.

కన్నడం వారు ఈళిగెమణె అన్నా, తమిళులు అరివాళ్‌మణై అన్నా వస్తువు ఒకటే. శ్రీనివాసపురం మామిడికాయలు సంతకు రాగానే ఆవకాయ కోసం దించుతాం. పులుపు, ఉప్పు తగిలిన ఇనుమును సరిగా తుడవకుండా దాచేస్తాం. గాలి, తేమ కలిసి మిగతా పని పూర్తిచేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది పైన పలుచని పొరగా ఏర్పడి కాపాడుతుంది. పాత ఇనుముకు ఆ రక్షణ లేదు.

తుప్పు చూడగానే పాత సామానులవాడికి వేసేయకండి. అమ్మమ్మల నాటి కత్తిపీట ఒకసారి చేజారితే అలాంటిది మళ్ళీ దొరకడం కష్టం. ముందు పొడిబట్టతో రుద్ది చూడండి. ఎర్రటి పొడి రాలితే అది పైతుప్పే, ఇంట్లోనే పోతుంది. పెచ్చులూడి, పదును దగ్గర గుంటలు పడితే, లేదా కత్తి పీటలో కదులుతుంటే కమ్మరికి చూపించాలి.

నిమ్మకాయంత చింతపండును కాసిని నీళ్ళలో నానబెట్టి చిక్కటి గుజ్జు తీయండి. దాన్ని కత్తికి పట్టించి అరగంట ఉంచండి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. రాత్రంతా వదిలేస్తే మాత్రం ఇనుమునే తినేస్తుంది. తర్వాత కొబ్బరిపీచుతో, వీపు వైపు నుంచి పదును వైపుకు జాగ్రత్తగా తోమండి. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోండి, పిల్లలను దగ్గరకు రానీయకండి. మొండి మచ్చలుంటే మెత్తని ఇటుకపొడి అద్ది రుద్దండి. ఇంకా పోకపోతే మరోసారి గుజ్జు పట్టించండి.

చివర వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగితే మిగిలిన పులుపు విరిగిపోతుంది. పీటను మాత్రం నీళ్ళలో నానబెట్టకండి, చెక్క ఉబ్బుతుంది. కత్తి చెక్కలో దిగిన చోటే తడి దాక్కుంటుంది కాబట్టి అక్కడ బాగా తుడిచి కాసేపు ఎండలో పెట్టండి. పదును తగ్గితే సానరాయి మీద నాలుగు రాపిళ్ళు చాలు.

తుప్పు కత్తి తెగితే ధనుర్వాతం వస్తుందని పెద్దలు భయపెట్టేవారు. ఆ జబ్బు తెచ్చేది తుప్పు కాదు, మట్టిలోనూ పశువుల పేడలోనూ ఉండే ఒక సూక్ష్మజీవి. శుభ్రంగా కనిపించే కత్తి గాయంలోకి కూడా అది చేరవచ్చు. కాబట్టి తెగితే సబ్బునీళ్ళతో కడిగి, టీకా సంగతి డాక్టరుగారిని అడగండి.

దాచేముందు రెండు చుక్కల ఆముదం రాసి, పొడి నూలుగుడ్డ చుట్టండి. వేరుశెనగ నూనె అయితే కొన్నాళ్ళకు జిగురుగా అంటుకుంటుంది. ఆముదానికి ఆ బెడద తక్కువ. వాడేముందు వేడినీళ్ళతో కడిగితే సరి.

వచ్చే ఆవకాయ రోజుల్లో ఈ పని పిల్లల ఎదుటే చేయండి. కత్తి మనం పట్టుకున్నా, చింతపండు పిసికే పని వాళ్ళకు అప్పగించవచ్చు. మన ఇంటి కత్తిపీట పనితీరు వాళ్ళకు తెలిస్తే, రేపు దాన్ని అటక మీద మరచిపోరు.